పద్దెనిమిది వందల నలభై ఆరు స్లీపర్లు

మార్చి 4, మంగళవారం

ఆఫీసులో ఏటా ఊరికే ఇచ్చే డైరీ ఇది. ఇన్నేళ్ళలో ఒక్కదాంట్లోనూ ఒక్క ముక్క రాయలేదు. ఇవాళ రాయకపోతే ఎవరిమీదైనా అరిచేస్తాను. అరిస్తే అక్క ఏడుస్తుంది. అక్క ఏడిస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. అందుకని తలుపేసుకుని రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మా బావ తన గూడ్సు బండిని సరాసరి పట్టాలు బాగుచేస్తున్న నా గ్యాంగు మీదికి తోలుకొచ్చాడు. రెండు వ్యాగన్లు పట్టాలు దిగాయి. బావంటే మా అక్క మొగుడు, ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు, ఈ క్వార్టర్సులో ముందు రెండు గదుల ఏలిక. వెనక గది నాది. మధ్యలో వంటిల్లు అందరిదీ, అంటే అక్కది.

వంపు దగ్గర పట్టాల కింద పాత కంకర తీసి కొత్తది నింపుతున్నాం. అలాంటి చోట బండి గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకూడదు. ఆ సంగతి డ్రైవరు మహాశయులకి తెలియజెయ్యడానికే నా ఉద్యోగం. పని చోటికి పన్నెండు వందల మీటర్ల ముందు పసుపు బోర్డు పెడతాను, అయ్యా ఇక వేగం తగ్గించుకోండి అని. పని మొదలయ్యే చోట ఇరవై అంకె వేసిన బోర్డు, ఇక్కడికి ఇంతకి దిగి ఉండాలి అని. పని దాటి బండి తోక కూడా బయటపడే చోట ఇంకో బోర్డు, ఇక మీ ఇష్టం పొండి అని. మూడే మూడు బోర్డులు. మూడేళ్ళ పిల్లకి చెప్పినా తలూపుతుంది. మా బావ మాత్రం అంకె బోర్డు దాటేటప్పటికి ఇరవై ఎనిమిది మీదున్నాడు. నేనన్న మాట కాదిది, ఇంజన్లో యంత్రం రాసుకుంది.

బుంగమూతి పక్క కాలవలోకి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నా గ్యాంగులో అందరికంటే పెద్దవాడు. ఏ పని చెప్పినా మూతి ముడుచుకుంటాడు కాబట్టి ఆ పేరు. పనిదొంగే. అయినా నా మనిషి. పైగా ఆ సమయానికి నిజంగానే పనిచేస్తున్నాడు.

సాయంత్రం బావ కుర్చీలో కూలబడి అంటాడూ, "పసుపు బోర్డు బాగా దగ్గరగా ఉంది మరదలా. కనబడగానే బ్రేకు వేశాను. చాల్లేదు."

నాకు నవ్వొచ్చింది. "బయల్దేరేముందు కాగితం ఇచ్చారుగా బావా, ఏ కిలోమీటరు దగ్గరో రాసి?"

"రాళ్ళు ఎక్కడున్నాయే? పట్టాలు మార్చేటప్పుడు కిలోమీటరు రాళ్ళన్నీ పీకి ఓ పక్కన పడేశారుగా. బోర్డు చూసుకునే రావాలి."

"చూసుకునే వచ్చావుగా మరి. పొద్దున్నించీ రెండు పాసింజర్లు పిల్లుల్లా వెళ్ళాయి."

"పాసింజరు ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. నా వెనక మూడు వేల టన్నులున్నాయి."

ఎప్పుడూ ఆయన వెనక ఏదో ఒకటి ఉంటుంది. పెళ్ళికి ఆలస్యంగా రావడానికి కూడా ఏదో ఉండే ఉంటుంది.

మార్చి 5, బుధవారం

బోర్డు దగ్గరగా ఉందట. ఎవరితో అంటున్నాడో మర్చిపోయాడు.

నన్ను గ్యాంగులో లెక్కలమ్మ అంటారు. నా వెనకాలే అంటారు, అయినా నాకు తెలుసు, నాకు ఇష్టమే. నేను దూరాన్ని, పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్ల లెక్కన కొలుస్తాను. నాన్న పట్టాల మేస్త్రీగా ఉన్నప్పుడు నేర్పాడు. అక్కకి నేర్పబోతే ఇరవై దాకా వచ్చి ఆకాశంలో కొంగని చూసింది, అక్కడితో సరి. పన్నెండు వందల మీటర్లకి పద్దెనిమిది వందల నలభై ఆరు స్లీపర్లు. వందకొక గులకరాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. పద్దెనిమిది రాళ్ళూ మారాక ఇంకో నలభై ఆరు అంగలు, స్లీపరుకొకటి. అక్కడ స్లీపరు అంచుమీద బొటనవేలంత పసుపు రంగు పూస్తాను. ఆ మార్కు పక్కన బోర్డు పాతుతారు. నేను నడుస్తున్నంతసేపూ గ్యాంగులో ఒక్కడూ దగ్గడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క స్లీపరు తప్పలేదు.

టేపు పట్టుకుని తిరిగేవాళ్ళని చూస్తే నాకు జాలి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకడు ఆ కొస, ఒకడు ఈ కొస, మధ్యలో గాలి. మా కొత్త ఇంజినీరు అలాంటి బాపతే. బెల్టుకి టేపు తగిలించుకుని తిరుగుతాడు, ఇంట్లో మంచమెక్కేటప్పుడైనా తీస్తాడో లేదో తెలియదు.

ఆ రోజు పొద్దున లెక్క నాకు బాగా గుర్తు. కొత్త సిమెంటు స్లీపర్ల మీద నడక ఎంత సుఖంగా ఉందంటే, రెండేళ్ళుగా పీడిస్తున్న మోకాలు నొప్పి మాటే లేదు. రోజూ మోకాలికి రాసుకుంటున్న ఆ ఆకుపచ్చ నూనె పనిచేస్తోందన్నమాట.

మార్చి 6, గురువారం

బుంగమూతికి ఆపరేషను అయింది. వెళ్ళి చూసొచ్చాను. మూతి ముడుచుకునే ఉంది, కాబట్టి బాగానే ఉన్నాడు.

మార్చి 8, శనివారం

విచారణకి ఒక అధికారి వచ్చాడు. కళ్ళజోడు ముక్కుమీద, దృష్టి దాని పైనుంచి. అద్దాలు దేనికో మరి. ప్రతి ప్రశ్నా రెండుసార్లు అడుగుతాడు, జవాబు మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా వినడు.

"హెచ్చరిక బోర్డు ఎంత దూరంలో పెట్టారమ్మా?"

"పన్నెండు వందల మీటర్లండీ."

"టేపుతో కొలిచారా?"

"కొలిచానండీ."

రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. టేపు అన్న మాట ఆయనది. కొలిచాను అన్న మాట నాది. కొలవకుండా పెట్టానా? స్లీపర్ల లెక్క గురించి చెప్పడం మొదలుపెడితే ఆయనకి అర్థమయ్యేసరికి నేను రిటైరవుతాను.

రైలు నడవాలి కాబట్టి బండి పట్టాలు దిగిన మర్నాడే కంకర నింపి, బోర్డులు పీకేసి, దారి తెరిచేశాం. ఇక చూడ్డానికి అక్కడేమీ లేదు. నా రిజిస్టరులో పన్నెండు వందలు అని ఉంది. దాని కింద సంతకం నాది. ఈ సెక్షన్లో అంతకంటే గట్టి సాక్ష్యం ఎవరికీ దొరకదు.

మార్చి 10, సోమవారం

బావని విధుల్లోంచి తప్పించారు. ఇంట్లో ఉన్నాడు. ఒక మనిషి ఇంట్లో ఇంత చోటు ఆక్రమిస్తాడని నాకు తెలియదు. బట్టలు మడతపెడతాడు, మళ్ళీ విప్పి మడతపెడతాడు. గిన్నెలు కడుగుతాడు, అక్క వాటిని మళ్ళీ కడుగుతుంది, చాటుగా. వంటింట్లోకి టీకి వెళ్తే తప్పుకుని గోడకి అతుక్కుంటాడు. ఆయన ఇంట్లో ఆయన.

నా మనసులో ఉన్నది రాసుకోవచ్చు కదా ఇక్కడ. ఆ మనిషికి డ్రైవరు ఉద్యోగం మూడోసారికి వచ్చింది. మొదటి రెండుసార్లూ సిగ్నళ్ళ పరీక్షలో తప్పాడు. ఆయన చదువుతుంటే పక్క గదిలోంచి వినే నాకు వచ్చేసింది మొత్తం. నేనూ దరఖాస్తు పెట్టాను అప్పట్లో. ఆడవాళ్ళని ఇంజనెక్కించం అన్నారు. ఆ మాటన్న పెద్దమనిషికి మీసాలు తప్ప ఇంకేమీ లేవు. సరే, పట్టాల మీద నడుస్తాను అని ఇటొచ్చాను. నాకేమీ బాధ లేదు. అసూయ అంతకంటే లేదు. ఊరికే గుర్తొచ్చింది.

మార్చి 13, గురువారం

టేపు ఇంజినీరు పాత స్టేషను పక్క పని చూడ్డానికి వచ్చాడు. నేను స్లీపర్లు లెక్కపెడుతుంటే వెనకే నడుస్తున్నాడు. ఆయనకి పొద్దుపోదు.

"మేడం, ఇక్కడ పరవాలేదు గానీ, వంపు దగ్గర మాత్రం ఇలా లెక్కపెట్టకండి. అక్కడ మార్చారుగా."

"ఏం మార్చారు?"

"ఇంతకు ముందు అరవై అయిదు సెంటీమీటర్లకొకటి ఉండేవి. కొత్తవి అరవైకే వేశారు, బరువు బళ్ళొస్తున్నాయని. సర్క్యులర్ పంపాం కదండీ, మీరూ సంతకం పెట్టారు."

"తెలుసండీ," అన్నాను.

ఆయన దగ్గర ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారో మొత్తం జ్ఞాపకం. పనికొచ్చే ముక్క ఒక్కటీ జ్ఞాపకం ఉండదు.

దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 14, శుక్రవారం

నిద్ర లేదు. దోమలు.

మార్చి 15, శనివారం

ఊరికే, పొద్దుపోక, కాగితం మీద ఒక లెక్క వేశాను. పద్దెనిమిది వందల నలభై ఆరుని అరవైతో గుణిస్తే పదకొండు వందల ఏడున్నర మీటర్లు. అంటే పన్నెండు వందలకి తొంభై రెండు తక్కువ.

ఇది కాగితం మీద లెక్క. కాగితం వేరు, పట్టాలు వేరు. ఆ ఇంజినీరు చెప్పింది నిజమని ఎవరన్నారు? వంపు మొత్తం మార్చారో, సగమే మార్చారో. సగమైతే తేడా సగం. సగానికి సగమైతే ఏముంది, నాలుగు అంగలు. తొంభై రెండు మీటర్లు ఎక్కువే ఉన్నా మా బావ చూసి ఉండేవాడా? ఆయన పెళ్ళిచూపుల్లో మా అక్కని వదిలేసి మా పిన్నికి దణ్ణం పెట్టినవాడు.

నడక సుఖంగా ఉందని రాసుకున్నాను పైన. అది నూనె వల్లే. ఇవాళ పాత స్టేషను దగ్గర నడిస్తే మళ్ళీ నొప్పి వచ్చింది. నూనె రాయడం మర్చిపోయాను కదా.

మార్చి 17, సోమవారం

భోజనాల దగ్గర బావ ఉన్నట్టుండి అన్నాడు, "ఆ రోజు నేను కునుకు తీశానేమో."

అక్క చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "కునుకేంటండీ, పట్టపగలు?"

"పది గంటలయింది అప్పటికే ఎక్కి. ఎండ మొహం మీద కొడుతోంది. రోజూ ఆలోచిస్తున్నాను. బోర్డు ఉండాల్సిన చోటే ఉందంటోందిగా మీ చెల్లి. అదెప్పుడూ తప్పదు. బోర్డు తప్పు కానప్పుడు నా కళ్ళదే తప్పు. ఓ నాలుగు క్షణాలు మూసుకుపోయి ఉంటాయి. బ్రేకు వేసిన క్షణం గుర్తుంది గానీ, దానికి ముందు సంగతి అంత గట్టిగా గుర్తులేదు."

"మీ అసిస్టెంటు ఏమన్నాడు?"

"వాడు ఆ పక్కనుంచి పట్టాలు చూస్తున్నాడు. నా మొహం చూడలేదు."

ఇంత చేవలేని మనిషిని నేను ఎక్కడా చూడలేదు. తను చెయ్యని తప్పుకి... కాదు, చేశాడో లేదో తెలియని తప్పుకి తనే తాడు పేనుకుంటున్నాడు. ఎవడైనా వాదించుకుంటాడు, పోట్లాడతాడు, ఎదుటివాళ్ళ మీదికి తోస్తాడు. ఈయన నా మాట నమ్మి కూచున్నాడు!

గిన్నెలు సర్దుతుంటే అక్క నా దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించి అడిగింది, "నువ్వు కొలిచావు కదే?"

"ఇరవై ఆరేళ్ళ నించీ కొలుస్తున్నానక్కా."

"అది కాదే. ఆ రోజు కొలిచావు కదా?"

"కొలిచాను."

"సరే అయితే," అంది. ఇంకేం అనలేదు. అక్కకి నామీద అనుమానం లేదు. అక్కకి ఎవరిమీదా అనుమానం ఉండదు, అదో జబ్బు.

మార్చి 19, బుధవారం

బావ వెళ్ళి రాసిచ్చేశాడు. డ్యూటీలో కునుకు పట్టింది, బోర్డు ఆలస్యంగా చూశాను అని. కళ్ళజోడుకి పండగ. ఫైలు తేలిగ్గా ముగుస్తుంది. ఈ నెలాఖరుకి ఆర్డరు వస్తుందట. ఇక జన్మలో ఇంజన్ ఎక్కనివ్వరు. షెడ్డులో ఏ మూలో కూచోబెడతారు.

అదీ సరే. ఉద్యోగం సంగతి కాదు నేను రాయాలనుకున్నది.

సాయంత్రం ముందు గదిలో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నేను కావాలని వినలేదు, గోడలు పల్చన. బావ అక్కతో అంటున్నాడు, "నాతో మాట్లాడేటప్పుడు నా కళ్ళే చూస్తూ ఉండు. మధ్యలో మూస్తున్నానేమో చెప్పు. నాకు తెలియకుండా పోతున్నాయేమో."

"లేదండీ, చూస్తూనే ఉన్నాను. మూయలేదు."

"రెప్ప వెయ్యడం కాదు. దానికంటే ఎక్కువసేపు."

"లేదండీ."

నిన్న రోడ్డు దాటడానికి కూడా అక్క చెయ్యి పట్టుకున్నాడట. పాలు పొయ్యిమీద పెట్టి కాపలా ఉండమంటే, నా వల్ల కాదు, నువ్వే చూసుకో అన్నాడు. మూడు వేల టన్నులు వెనకేసుకుని తిరిగిన మనిషి, అర లీటరు పాలని నమ్ముకోలేకపోతున్నాడు.

చచ్చు మనిషి. వట్టి చచ్చు మనిషి.

మార్చి 20, గురువారం

పని అయిపోయాక స్లీపర్ల మీద పాత రంగు మార్కులు వదిలెయ్యడం పద్ధతి కాదు. రేపు ఇంకెవరైనా అక్కడ పని మొదలుపెడితే, ఏది పాత మార్కో ఏది కొత్త మార్కో తెలియక గందరగోళం. ఇన్నాళ్ళూ ఎందుకు వదిలేశానో నాకే తెలియదు. ఆదివారం దాకా ఆగకుండా రేపు పొద్దున్నే వెళ్ళి వంపు దగ్గర మార్కు గీకేస్తాను. తీగల బ్రష్షు సంచిలో పెట్టుకున్నాను. ఇది శుభ్రత, అంతే.

మార్చి 21, శుక్రవారం

ఒంటరిగా వెళ్ళాను. గ్యాంగుకి పాత స్టేషను దగ్గర పని అప్పగించి, ఒక గంటలో వస్తానన్నాను.

వంపు దగ్గర ఎవరూ లేరు. దారి తెరిచి పదిహేడు రోజులైంది కాబట్టి కంకర కుదురుకుంది. బుంగమూతి దూకిన కాలవలో నీళ్ళు ఇంత ఉన్నాయి, చీలమండ దాకా. ఆ లోతుకి తొడ విరిగింది పాపం. మార్కు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని లేదు, ఎండలో మెరుస్తోంది. నా రంగు మంచి రంగు.

మోకాళ్ళ మీద కూచుని గీకడం మొదలుపెట్టాను. సిమెంటులోకి ఇంకిపోయింది వెధవది. సగం పోయింది. సగం పోలేదు. గీకుతూ గీకుతూ నాలో నేనే అనుకుంటున్నాను, శుభ్రత, శుభ్రత. చివరికి నా గొంతు నాకే వినబడి ఆగాను.

సంచిలో బ్రష్షుతో పాటు టేపు కూడా ఉంది. నేనే పెట్టాను. ఎందుకు పెట్టానో రాత్రి రాయలేదు. స్టోర్సులో అడిగి తెచ్చాను, వంద మీటర్లది. స్టోర్సువాడు ముక్కున వేలేసుకున్నాడు, లెక్కలమ్మకి టేపెందుకండీ అని. అద్దె గది కొలవాలి అన్నాను.

రెండో మనిషి లేడు కాబట్టి కొస మీద రాయి పెట్టి లాక్కుంటూ వెళ్ళాను. పదకొండుసార్లు రాయి మార్చాను. పదకొండు వందలు. ఇంకా ఎనిమిది మీటర్లలో అంకె బోర్డు పాతిన గుంట కనబడుతోంది, కంకరలో నొక్కుకుపోయి. వెనక్కి నడిచి మళ్ళీ కొలిచాను. పదకొండు వందల ఎనిమిది.

ఆ తర్వాత టేపు చుట్టేసి, స్లీపరు నుంచి స్లీపరుకి ఊరికే నడిచాను, పది పన్నెండు. మోకాలు నొప్పి లేదు. అంగకి అయిదు సెంటీమీటర్లు తక్కువ పడుతుంటే నొప్పి ఎందుకుంటుంది? ఆ రోజు పద్దెనిమిది వందల నలభై ఆరుసార్లు నా కాలు నాకు చెప్పింది. నేను నూనెని మెచ్చుకున్నాను.

సిగ్గేసింది. ఇంకేం మాట ఉందో వెతికాను గానీ అదే మాట. కంకర మీద కూచుని ఏడ్చాను కూడా. ఎవరూ చూడలేదు. ఆ ఒక్కటీ మంచిదైంది అనుకున్నాను, అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

మిగిలిన సగం మార్కు గీకలేదు.

మార్చి 22, శనివారం

సెలవు పెట్టాను. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

మార్చి 23, ఆదివారం

చెప్పకపోతే ఏమవుతుంది అని కూడా ఆలోచించాను. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. బావ షెడ్డులో కూచుంటాడు. జీతం వస్తుంది. ఆర్నెల్లకి అందరూ మర్చిపోతారు. బుంగమూతి కుంటుతూ వస్తాడు. గ్యాంగు నన్ను చూసి దగ్గడం మానేస్తుంది, ఎప్పట్లాగే. సర్క్యులర్ మీద సంతకం పెట్టి చదవని ఆడమనిషి, కొలవకుండా కొలిచానని చెప్పిన ఆడమనిషి, తన లెక్క మీద అంత మోజున్న ఆడమనిషి, హాయిగా రిటైరవుతుంది.

ఇంతమందిని చచ్చు మనుషులన్నాను ఈ పేజీల్లో. అసలు మనిషిని రాయడం మర్చిపోయాను.

పొద్దున్న బావ గడ్డం గీసుకుంటూ అక్కని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. కత్తి పట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకుపోతే తెగుతుందని.

మార్చి 24, సోమవారం

టేపు ఇంజినీరు ఆఫీసుకి వెళ్ళి నిలబడ్డాను. కూచోండి మేడం అన్నాడు. కూచోలేదు.

"సార్, వంపు దగ్గర పసుపు బోర్డు తొంభై రెండు మీటర్లు దగ్గరగా పెట్టాను. స్లీపర్లు లెక్కపెట్టి పెట్టాను. టేపుతో కొలవలేదు. కొలిచానని విచారణలో చెప్పాను. అబద్ధం."

ఆయన వెంటనే నమ్మలేదు. నా మొహం చూసి, తలుపు మూసి, మెల్లగా అన్నాడు, "మేడం, ఆ డ్రైవరు మీ బావగారని అందరికీ తెలుసు. ఇప్పుడు ఇలా చెప్తే, ఇంట్లో మనిషిని కాపాడ్డానికి అంటారు. ఆయన కునుకు తీశానని రాసిచ్చేశారు కూడా. మీ రికార్డు చూస్తే ఒక్క తప్పూ లేదు. ఎవరు నమ్ముతారు?"

ఇరవై ఆరేళ్ళు ఎంతో కష్టపడి సంపాదించుకున్న పేరు అడ్డంగా నిలబడి నవ్వింది.

"నమ్మక్కర్లేదు. మీ టేపు తీసుకుని రండి," అన్నాను.

వచ్చాడు. బెల్టుకున్న టేపు కాదు, పెద్దది తెచ్చాడు, ఇంకో ఇంజినీరుని సాక్షిగా తెచ్చుకున్నాడు, ఫోటోలు తీశాడు. ఇన్నాళ్ళూ నేను తక్కువ చేసి మాట్లాడిన ప్రతి పనీ వరసగా చేశాడు, ఒక్కటీ వదల్లేదు. సగం గీకిన మార్కు దగ్గర వంగి చూశాడు.

"ఇది ఎవరో గీకారే."

"నేనే గీకాను."

"ఎప్పుడు?"

"శుక్రవారం."

ఆ మార్కుకి కూడా ఫోటో తీశాడు. తర్వాత, "అది కూడా రాయాలండీ," అన్నాడు.

"రాయండి. కాదు, నా చేత్తో నేనే రాస్తాను, కాగితం ఇవ్వండి."

పదకొండు వందల ఎనిమిది వచ్చింది ఆయనకీ. ఆయన కొలవడం నాకంటే శుభ్రంగా ఉంది. కంకర మీద కూచుని నాలుగు పేజీలు రాసిచ్చాను, సర్క్యులర్ సంగతి, టేపు సంగతి, బ్రష్షు సంగతి. రేపటి నుంచి నన్ను బోర్డుల పని నుంచి తప్పిస్తారట. నా మీద వేరే విచారణ పెడతారట. బావ ఆర్డరు మాత్రం ఆపుతామన్నాడు. అంతకంటే మాట ఇవ్వలేనన్నాడు. ఇచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

దారిలో ఆసుపత్రికి వెళ్ళి బుంగమూతికి కూడా చెప్పాను. మొత్తం విన్నాడు. మూతి ముడుచుకోలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క పక్కింట్లో ఉంది, బావ మంచమెక్కాడు. ఇవాళ కాదు అనుకున్నాను. పిరికితనం అని రాస్తున్నాను, వేరే పేరు పెట్టకుండా.

మార్చి 25, మంగళవారం

పొద్దున్నే చెప్పాను. ముందు గదిలో బావ మడతపెట్టిన బట్టలు మళ్ళీ మడతపెడుతున్నాడు. అక్క కూరలు తరుగుతోంది. కుర్చీ లాక్కుని కూచుని మొత్తం చెప్పాను, స్లీపర్ల దగ్గర్నుంచి బ్రష్షు దాకా. ఒక్కటి కూడా దాచలేదు. నా గొంతు బాగానే ఉంది, చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క కత్తి పక్కన పెట్టింది. "నేను అడిగాను కదే నిన్ను," అంది. "గిన్నెల దగ్గర అడిగాను." లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సిన పని కూడా లేదు.

బావ చేతిలో చొక్కా మడత విప్పి ఒళ్ళో వేసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. ఇన్నేళ్ళలో నేనన్న ప్రతి మాటకీ ఈ ఒక్క పూటలో బదులు తీర్చుకోవచ్చు. తీర్చుకుంటే బాగుండునని కూడా ఉంది నాకు.

"అయితే బోర్డు కనబడగానే నేను బ్రేకు వేశానన్నమాట," అన్నాడు.

"వేశావు బావా."

"అంతకు ముందు కళ్ళు మూసుకోలేదు."

"మూసుకోలేదు. ఆ దూరంలో, అంత బరువుతో, ఎవరు వేసినా ఇరవై ఎనిమిదే వస్తుంది. ఇంజినీరు లెక్కకట్టాడు. నువ్వు ఒక్క క్షణం ఆలస్యం చేసి ఉంటే ముప్ఫై దాటేది. బుంగమూతి బతికుండేవాడు కాదు."

చొక్కా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు ఆ మనిషిని చూడటానికి ధైర్యం చాల్లేదు, కిటికీ వైపు తిరిగాను.

"తిట్టు బావా," అన్నాను. "ఏదో ఒకటి అను."

"తిడతాలేవే. ముందు ఇంకోసారి చెప్పు."

"ఏమని?"

"నేను మెలకువగానే ఉన్నానని."

"మెలకువగానే ఉన్నావు బావా," అన్నాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. పనికి వెళ్ళే వేళ దాటిపోయేదాకా నాచేత అదే మాట చెప్పించుకుంటూనే ఉన్నాడు.